చిల్లీకి ఆమేన్

పోయినేడు మా అల్లూరు చర్చికి అమెరికా నుంచి ఒక దైవసేవకుడు వచ్చారు. ఆయనకు మధ్యాహ్న భోజనం మా ఇంట్లో ఏర్పాటైంది. ముందురోజు పాస్టరమ్మగారు ఫోన్ చేసి, "ఆయనకి చిల్లీ అంటే ప్రాణమంటక్కా. కారం తక్కువెయ్యాలంట, బీన్స్ అసలొద్దంట" అన్నారు.

మిరపకాయ కూరలో బీన్స్ ఎవరు వేస్తారని నవ్వుకున్నాను. కారం ఉండదని బజ్జీ మిరపకాయలే తెప్పించి, గింజలు తీసి, వేరుశనగ పొడి కూరి వండాను.

మర్నాడు ఆయన ప్రార్థన చేసి, పాస్టరుగారితో కలిసి భోజనానికి కూర్చున్నారు. ఆయనకు తగిలిన కాయలో గింజలు మిగిలే ఉన్నాయి కాబోలు. ఒక్కసారిగా ముఖం ఎర్రబడింది. కళ్లు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి, "ఓ లార్డ్, ఓ లార్డ్" అన్నారు. ఆత్మావేశంతో మళ్లీ ప్రార్థన మొదలుపెట్టారనుకుని పాస్టరుగారు తల వంచారు. మేమూ వంచాం. ఆయన "ఓ లార్డ్" అన్నప్పుడల్లా అందరం "ఆమేన్" అన్నాం. చివరికి మా అత్తమ్మ ఒక కన్ను తెరిచి చూసి, "ఆయనకి కావాల్సింది ఆమేన్ కాదే, మజ్జిగ" అంది.

వాళ్ల చిల్లీ అంటే కీమా కూరని, అందులో కొందరు బీన్స్ కూడా వేస్తారని ఆ తర్వాత తెలిసింది. బీన్స్ లేకుండా అదీ నేర్చుకున్నాను. కానీ నేను మిరపకాయ కూర వండిన రోజున మాత్రం, మా అత్తమ్మ ముందు గ్లాసుడు మజ్జిగ పక్కన పెట్టించుకుని, ఆ తర్వాతే ప్రార్థనకు కళ్లు మూసుకుంటుంది.