ఎనిమిది కొమ్ముల వైఫై డబ్బా

కామారెడ్డిలో ఒక ప్రైవేటు కేంద్రంలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకునే ఆ రోజుల్లో నా మీద నాకున్నంత గౌరవం లోకంలో ఇంకెవరికీ నా మీద ఉండేది కాదు. మెడలో గుర్తింపు కార్డు, జేబులో మార్కర్ పెన్ను. బజార్లో పోతుంటే ఒక్క విద్యార్థి "నమస్తే సార్" అన్నా చాలు, ఆ పూటకు అన్నం అక్కర్లేదనిపించేది. (ఆకలి మాత్రం వేసేది. మెస్సులో రెండోసారి కూడా పెట్టించుకునేవాణ్ణి.) అలాంటి మనిషికి సొంత ఇంట్లో వైఫై పెట్టే పని అప్పజెప్పితే ఏమవుతుందో ఇప్పుడు చెప్పబోతున్నాను. ఇన్నేళ్లయినా ఆ పది రోజులు తలుచుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

మా ఇల్లు ఎల్లారెడ్డిలో. అక్క పురుటికి వచ్చి ఆడపిల్లను కన్నది. బావ గల్ఫ్‌లో ఉన్నాడు, సెలవు దొరకలేదు. బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల వేడుకకు ముహూర్తం పెట్టిన రోజున బావ నాకు ఫోన్ చేసి ఒక్కటే మాట అన్నాడు. "బామ్మర్దీ, నా బిడ్డను తొట్టెలల వేసేటప్పుడు నేను చూడాలె. గాళ్ళు సెలవియ్యకున్నా మంచిదే, ఫోన్లనన్న చూడాలె. ఏం చేస్తవో చెయ్యి." ఆ గొంతు విన్నాక సరేనన్నాను. చిక్కు ఏమిటంటే మా గల్లీలో మామూలు ఫోన్ మాటలైతే వినపడతాయి గానీ, వీడియో కావాలంటే మిద్దె ఎక్కాలి. బాలింతను మిద్దె ఎక్కించి అక్కడ తొట్టెల కట్టలేం కదా. కేబులాయన ఇంటర్నెట్ తీగ అయితే లాగాడు గానీ, "డబ్బ మీరే కొనుక్కోండ్రి" అని వెళ్లిపోయాడు.

వైఫై ఒక్కటే అయితే ఇంత కథ లేకపోను. అక్క ఫోన్ నిండిపోయింది. పిల్ల ఆవులించినా ఫోటో, తుమ్మినా వీడియో. కొత్తది తీయాలంటే పాతది చెరపాలి, చెరపమంటే అక్క ఏడుస్తుంది. అందుకని ఇంట్లో అందరి ఫోన్లలోని బొమ్మలూ వైఫై మీదుగా వచ్చి ఒకే చోట పడే స్టోరేజ్ డబ్బా కూడా తేవాలని నిర్ణయించాను. అక్కడెక్కడో ఉన్న బావ కూడా అందులోవి తీసి చూసుకోవచ్చు. ఇది మా నాన్నకు, అదే బాపుకు, ఎలా చెప్పాలో తెలియక, "గుమ్మి ఉంటది చూడు బాపూ, గింజలు పోసుకునేది, గసొంటిది. ఇది ఫోటోల గుమ్మి" అన్నాను. బాపు, "మరి గుమ్మిల పందికొక్కులు పడ్తయి గద?" అన్నాడు. ఇందులో పడవని నవ్వాను. "పందికొక్కులు పడవు సరే, దొంగలైతే పడ్తరు గద?" అన్నాడు. దానికీ నవ్వాను. అప్పుడు నవ్వకుండా ఉంటే ఈ రోజు రాయడానికి ఏమీ ఉండేది కాదు.

కామారెడ్డిలో ఆ సామాన్లు అమ్మే సేఠ్‌కు నేను లోపల్లోపల కొమ్ముల సేఠ్ అని పేరు పెట్టుకున్నాను. ఆయన దృష్టిలో రౌటర్ అంటే దాని మీద నిలబడే యాంటెనాలే, వాటినే కొమ్ములంటాడు. "చూడుండ్రి సార్, రెండు కొమ్ములదైతే ఒక్క గది. నాలుగు కొమ్ములదైతే ఇల్లంత. ఆరు కొమ్ములదైతే మీ పక్కింటోళ్ళు గూడ మీకు దండం పెడ్తరు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కంప్యూటర్ పంతులు ముందు కొమ్ముల లెక్కా! కొట్లోనే నిలబడి పాఠం మొదలుపెట్టాను. రెండు రకాల తరంగాలుంటాయి, ఒకటి నెమ్మదిగా పోతుంది గానీ గోడలు దాటుతుంది, రెండోది పరుగెత్తుతుంది గానీ గోడ అడ్డమొస్తే నీరసపడుతుంది, మా బాలింత గది వెనకాల ఉంది కాబట్టి రెండూ ఉన్నది కావాలి, అని చెయ్యి తిప్పుతూ వివరించాను. సేఠ్ మర్యాదగా అంతా విని, "అయితే ఆరు కొమ్ములదే సార్ మీకు" అన్నాడు. అంత పాఠం చెప్పి చివరికి ఆరు కొమ్ములదే తెచ్చుకున్నాను.

స్టోరేజ్ డబ్బా దగ్గర మాత్రం పట్టు వదల్లేదు. అందులో రెండు డిస్కులు ఉండాలి, ఒకదాంట్లో పడిన ఫోటో రెండోదాంట్లో కూడా పడాలి, ఒకటి చెడిపోయినా రెండోది బతికుండాలి. "ఒక్క ఫోటోను రెండు సార్లు దాస్తరా సార్ ఎవరన్నా?" అని సేఠ్ నోరు తెరిచాడు. "మా ఇంట్ల దాస్తం. ఒక్క ఫోటో గూడ పోవద్దు" అన్నాను, ఏదో శాసనం చదివినట్టు. ఆయన హైదరాబాద్ నుంచి తెప్పించి ఇచ్చాడు.

తొట్టెలకు పది రోజుల ముందు ఆదివారం నాడు ఎల్లారెడ్డి వెళ్లి, నడిమింట్లో స్విచ్చు బోర్డు పక్కన గూట్లో రెండు డబ్బాలూ పెట్టి తీగలు బిగించాను. అవ్వ (మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం) వాటికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. నీళ్లు పడతాయని నేను మొత్తుకుంటే, "ఆటోకు కొట్టలేదా, ట్రాక్టర్‌కు కొట్టలేదా, గిదేమన్న ఆకాశంకెల్లి ఊడిపడ్డదా?" అని నోరు మూయించింది. అక్క గదిలో వీడియో అద్దంలా వచ్చింది. బావ తెర మీద కనబడి బిడ్డను చూసి చెయ్యి ఊపాడు. నేను కాలర్ సర్దుకుని సాయంత్రం బస్సెక్కాను.

మర్నాడు తరగతి మధ్యలో ఫోన్. అవ్వ. "నీ డబ్బ వస్తలేదురా." ఓపిగ్గా, "లైట్లు ఎలుగుతున్నయా సూడుమను బాపును" అన్నాను. "ఆగు, సూస్తుండు." ఫోన్లో కిర్రుమని ఏదో చప్పుడు. తర్వాత అవ్వ గొంతు, "ఎలుగుతున్నయట. ఆ… వచ్చింది, వచ్చింది, మీ అక్క ఫోన్ల వచ్చింది!" నేను ఫోన్ పెట్టేసి విద్యార్థుల వైపు తిరిగి, "చూశారా, విషయం తెలిసినవాడు చెయ్యి పెట్టకుండానే బాగు చేస్తాడు" అన్నాను. వాళ్లు చప్పట్లు కొట్టారు. గంట గడవకుండానే మళ్లీ ఫోన్. మళ్లీ రాలేదు. మళ్లీ లైట్లు చూడమన్నాను, మళ్లీ కిర్రు, మళ్లీ వచ్చింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఇక రోజూ ఇదే వరస. నేను చూడమంటే వస్తుంది, ఫోన్ పెట్టేస్తే పోతుంది. పాస్‌వర్డ్ మార్పించాను. ఆపి మళ్లీ పెట్టమన్నాను. కేబులాయనకు ఫోన్ చేసి అరిచాను, ఆయన వచ్చి బయటి స్తంభం దగ్గరే తీగ చూసి బాగానే ఉందని నా మీద అరిచాడు. బావేమో అక్కడి నుంచి, "బామ్మర్దీ, నిన్న గూడ సగంల పోయింది. ఆ రోజు గిట్లనే అయితదా ఏంది?" అంటాడు. ఆ మాటకు నాకు నిద్రపట్టేది కాదు. కోపమంతా కొమ్ముల సేఠ్ మీదికి మళ్లింది. కొట్లో కొనడానికొచ్చిన వాళ్లందరి ముందు నిలబడి, పాడైపోయిన మాల్ అంటగట్టావని దులిపేశాను. ఆయన చలించలేదు. "మీ ఇంటి గోడలు మందమున్నయి సార్. ఎనిమిది కొమ్ములది తీస్కపోండ్రి, ఇది నాకు వాపసు ఇయ్యుండ్రి" అన్నాడు. సిగ్గు విడిచి ఎనిమిది కొమ్ములది తీసుకున్నాను. ఆదివారం కూడా ప్రత్యేక తరగతులు పెట్టారు, ఇంటికి పోయే వీల్లేదు. ఎల్లారెడ్డి బస్సు డ్రైవర్ చేతికి ఇచ్చి పంపాను, బాపు బస్టాండులో దించుకున్నాడు.

ఏ తీగ ఎక్కడ పెట్టాలో ఫోన్లో చెప్పాను. బాపు చకచకా పెట్టేశాడు. చివర్లో మాత్రం ఒక సందేహం అడిగాడు. "కొమ్ములు శాన పొడుగున్నయిరా. మడవొచ్చునా?" ఎటు కావాలంటే అటు తిరుగుతాయి బాపూ అన్నాను. "ఇగ గంతే సాలు" అని పెట్టేశాడు. ఎందుకు మడవాలని నేను అడగలేదు. ఎనిమిది కొమ్ములదీ అదే తంతు పట్టింది, ఇంకాస్త ఎక్కువగా.

తొట్టెల రోజు పొద్దున్నే మొదటి బస్సులో దిగాను. ఇంటి ముందు టెంటు, లోపల చుట్టాలు, వెనక గదిలో పూలు చుట్టిన తొట్టెల. ఆడవాళ్లు పాట అందుకోవడానికి గొంతులు సవరించుకుంటున్నారు. వైఫై లేదు. బావ మామూలు ఫోన్లో, "కంపెనీల బతిమాలి పూట సెలవు తీస్కున్న బామ్మర్దీ. రూంల అందరు నా పక్కనే కూసున్నరు. ఇంకా కనవడ్తలేదు" అంటున్నాడు. చుట్టాలను తోసుకుంటూ నడిమింట్లోకి వెళ్లాను. నేను డబ్బాలు పెట్టిన గూడు కనిపించలేదు. దాని స్థానంలో పచ్చరంగు వేసిన ఇనుప పెట్టె గోడకు బోల్టులతో బిగించి ఉంది. దానికి తలుపు, తలుపుకు గొళ్లెం, గొళ్లేనికి నా పిడికిలంత తాళం. అడుగున చిన్న బొక్కలోంచి తీగలు లోపలికి పోతున్నాయి.

ఆ పెట్టెను మా ప్రాంతంలో గుర్తుపట్టని రైతు ఉండడు. పొలంలో బోరు మోటారు స్టార్టర్‌ను దొంగలెత్తుకుపోకుండా దాచే డబ్బా అది. అంతకు ముందు పంటకే మా స్టార్టర్ ఎవరో ఎత్తుకుపోయారు. బాపు ఆ దెబ్బ మరిచిపోలేదు. నేను బస్సెక్కిన మర్నాడు పొద్దున్నే వెల్డింగ్ ఆయనతో చేయించి బిగించాడట. లైట్లు చూడమన్నప్పుడల్లా తలుపు తీస్తే సిగ్నల్ బయటికి వచ్చింది, చూసి మూసేస్తే లోపలే ఉండిపోయింది. నా దూరవైద్యమంతా ఆ తలుపు కిర్రు!

"బాపూ! ఇనుప డబ్బలకెల్లి వైఫై వస్తదా?" అని అరిచాను. టెంటులో ఉన్నవాళ్లు కూడా లోపలికి తొంగిచూశారు. బాపు ఏమాత్రం తొణకలేదు. "ఎందుకు రాదు? స్టార్టర్ డబ్బల పెడితే నీళ్ళు బయటికి వస్తలేవా?" అన్నాడు.  తాళం తియ్యమన్నాను. "ఇంత మంది వచ్చినపుడు తాళం తీస్తరారా ఎవరన్నా? తొట్టెల కానియ్యి, తర్వాత తీస్త" అన్నాడు. తొట్టెల కోసమే కదా తియ్యమనేది అంటే వినడు. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. లోపలి నుంచి అవ్వ పసుపు చేతులతో వచ్చింది. "అల్లుడు ఆడ కండ్లు కాయలు గాసేటట్టు సూస్తుండు. తాళం తీస్తవా, బిడ్డను తొట్టెలల ఎయ్యకుంట ఆపుమంటవా?" అంది.  బాపు మొలతాడుకు కట్టుకున్న తాళంచెవితో తలుపు తీశాడు. లోపల ఎనిమిది కొమ్ములూ మడతపడి, స్టోరేజ్ డబ్బా ఉక్కపోతకు కాలిపోతూ, అయినా పాపం రెండు డబ్బాలూ బుద్ధిగా లైట్లు వెలిగించుకుని కూర్చున్నాయి. కొమ్ములు లేపాను. వెనక గదిలో అక్క ఫోన్ మోగింది.

పాట మొదలైంది. బిడ్డను తొట్టెల కింద నుంచి పైకి, పైనుంచి కిందికి చేతులు మార్చారు. చెవిలో పేరు చెప్పారు. తెర మీద బావ కళ్లు తుడుచుకోవడం మానేసి వాటిని అలాగే కారనిచ్చాడు. చాలాసేపటికి, "మామ కనవడ్తలేడు, ఏడి?" అన్నాడు. ఫోన్ పట్టుకుని నడిమింట్లోకి వెళ్లాను. బాపు తెరిచిన పెట్టె ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఫ్యాన్ గాలికి తలుపు మూసుకుపోకుండా ఒక చేత్తో పట్టుకుని, వచ్చేపోయే చుట్టాలను అనుమానంగా చూస్తున్నాడు. అక్కడి నుంచి తొట్టెల కనబడదు. నేను పట్టుకుంటాను, పోయి చూడమన్నాను. లేవలేదు. తెర మీద అల్లుణ్ణి చూసి, "నన్ను సూసేదేముంది అల్లుడా, బిడ్డను సూడు" అన్నాడు. తర్వాత నా మీద కసురుకున్నాడు. "ఏం నిలబడ్డవురా ఈడ? అటు తిప్పు ఫోన్!"

ఇప్పుడు ఆ డబ్బాలు వడ్రంగి చేసిన చెక్కపెట్టెలో ఉన్నాయి. తాళం మాత్రం ఉంది, దాని గురించి మాట్లాడటం నేను మానేశాను. మొన్న బడి నుంచి వచ్చిన మేనకోడలు టీవీలో తన తొట్టెల ఫోటోలు పెట్టించుకుంది. ఒక్కొక్కటే చూసి, అందరి పేర్లూ చెప్పి, చివరికి, "తాతా, నువ్వు నా తొట్టెలకు రాలేదా?" అంది. "వచ్చిన బిడ్డా. నేనేగా నీ ఫోటోలకు కావలి ఉన్నది" అన్నాడు బాపు. నేను లేచి మళ్లీ మొదటి నుంచి వెతికాను. బాపు రెండు డిస్కుల్లోనూ లేడు. ఒక్క ఫోటో కూడా పోవద్దని సేఠ్ ముందు శాసనం చదివిన ఆ కుర్రపంతులు మీద ఇప్పుడు కోపం రావడం లేదు, నవ్వే వస్తోంది. అంత చదివినవాడు, అటు తిప్పమనగానే తిప్పేసే ముందు, కుర్చీలో ఉన్న మనిషిది ఒక్కటంటే ఒక్క ఫోటో తీయలేదు.