నా వెనక ర్యాంకు

మాది పుంగనూరు పక్కన, సదుం వైపు ఒక పల్లె. నాయనకు మెట్ట చేను, బోరు కింద కాస్త టమోటా. మదనపల్లెలో హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ చదివాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మొదటిసారి ఎంసెట్ రాశాను. కాలేజీలో మంచి మార్కులు వచ్చేవి కాబట్టి ర్యాంకు గురించి ఇంట్లో ఎవరూ పెద్దగా బెంగ పెట్టుకోలేదు.

ఫలితాల రోజు మదనపల్లె ఇంటర్నెట్ షాపులో నా హాల్‌టికెట్ నంబరు కొట్టిన కుర్రాడు తెర నా వైపు తిప్పాడు. పొరపాటు నంబరు కొట్టావేమో, ఇంకోసారి చూడమన్నాను. చూశాడు. అదే ర్యాంకు. వెనక నిలబడిన నాయన, "ఎంతంట?" అని అడిగాడు. చెప్పాను. అది మంచిదో చెడ్డదో ఆయనకు తెలియలేదు. నా మొహం చూసి తెలుసుకున్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా మా జువాలజీ లెక్చరర్ ఇంటికి వెళ్లాం. ఆయన నిజాయితీ గల మనిషి, పిల్లల మీద ప్రేమ ఉన్నవాడు. ర్యాంకు విని తల అడ్డంగా ఊపాడు.

"ఈ ర్యాంకుకు మెడిసిన్ రాదమ్మా. పోయినేడు యాడ ఆగిందో నాకు తెలుసు. ఈ ఏడు అప్లికేషన్ వేసినా లాభం లేదు. ఒక ఏడాది లాంగ్ టర్మ్ చదువు. మంచి ర్యాంకు తెచ్చుకొని అప్పుడు వేద్దువు."

బయటికొచ్చాక నాయన చెప్పుల్లో కాళ్లు పెడుతూ, "అయినా వేసి సూద్దామా పాపా? పోయేదేముండాది?" అన్నాడు.

"సారు చెప్పినాడు గదా నాయనా. కౌన్సెలింగుకు పోయి అందరి ముందర ఉత్తచేతుల్తో రావాల్నా?" అన్నాను.

నాయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేను లాంగ్ టర్మ్ కోచింగులో చేరాను.

దసరా సెలవులకు ఇంట్లో ఉండగా కుప్పం నుంచి మామ కబురు పంపాడు. మా అవ్వ తడిసిన వాకిట్లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది, అక్కడి మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఉంచారు. అమ్మకు చేలో పని తెమలక నన్ను పంపింది. పలమనేరులో బస్సు మారి కుప్పం చేరేసరికి మధ్యాహ్నమైంది. అవ్వ కట్టు వేసిన చేతిని పొట్ట మీద పెట్టుకుని, పక్క మంచం ఆమెతో సగం తెలుగు, సగం అరవం కలిపి మాట్లాడుతోంది.

కాసేపటికి తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చింది. డాక్టరు కాదు, ఇంకా చదువుకుంటున్న పిల్ల. ఎవరో సీనియర్‌తో వచ్చి, ఆవిడ వెళ్లిపోయాక మా దగ్గర నిలబడింది.

"యాడ్నుంచి వచ్చినావు?" అంది నాతో.

"పుంగనూరు పక్కన."

"అవునా? మాది రామసముద్రం. మదనపల్లెలోనే చదివినా."

ఒకే ఏడాది ఒకే ఊళ్లో వేరే వేరే కాలేజీల్లో చదివామని తేలింది. ఆ అమ్మాయికి ఊరి మనిషి దొరికిందన్న సంతోషం. మంచం అంచున కూర్చుంది. నేను ఊరుకోలేక, "ర్యాంకు ఎంతొచ్చింది?" అని అడిగాను.

చెప్పింది.

నాకు సరిగా వినబడలేదనుకున్నాను. మళ్లీ అడిగాను. అదే చెప్పింది. నా ర్యాంకు కంటే దాదాపు రెండు వందలు వెనక.

"ఏ కేటగిరీ?"

"ఓపెన్‌లోనే. ఈ ఏడు కొత్త కాలేజీలొచ్చి సీట్లు పెరిగినాయి గదా. మాకూ తెలీదు. మా నాయన మొండిగా అప్లికేషన్ పెట్టించినాడు. చివర్లో మిగిలింది నాకొచ్చింది." నవ్వి, "నీకెంతొచ్చింది?" అంది.

నేను మంచం కడ్డీ పట్టుకున్నాను. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "ఏమైంది? తిన్నావా లేదా?" అంది. తినలేదని చెప్పాను. ఆమె లేచి వెళ్లి క్యాంటీన్ నుంచి రెండు బన్నులు తెచ్చి నా చేతిలో పెట్టింది. అంత మంచిపిల్ల. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు వీల్లేకపోయింది.

"ఎవురే ఆ పిల్ల?" అని అవ్వ అడిగింది.

"డాక్టరమ్మ" అన్నాను.

రెండు రోజుల తర్వాత ఇంటికొచ్చాను. నాయన చేలో టమోటాలు ఏరి మదనపల్లె మార్కెట్టుకు పెట్టెలు సర్దుతున్నాడు. గట్టు మీద నిలబడే చెప్పేశాను. చేతిలో కాయ పట్టుకుని ఆయన అలాగే ఆగిపోయాడు.

"అంటే మనం వేసుంటే వచ్చుండేదా?"

"వచ్చుండేది."

"ఆ పిల్ల సరిగ్గానే చెప్పిందా?"

"రెండుసార్లు అడిగినా నాయనా."

ఆయన ఒక పెట్టె బోర్లించి దాని మీద కూర్చున్నాడు. నన్ను ఏమైనా అంటాడని ఎదురుచూశాను. అంటే బాగుండేది. పక్క సాలులో కాయలేరుతున్న అమ్మ మాత్రం, "యాల అడిగినావు ఆ పిల్లని? తెలీకపోయుంటే నిమ్మళంగా ఉందుము గదా" అని కొంగుతో మొహం తుడుచుకుంది. నాకూ అదే అనిపించింది.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ నాయన, "ఈ తూరి ఎంతొచ్చినా వేస్తాండాము. ఆఖరి ర్యాంకైనా సరే" అన్నాడు.

రెండోసారి రాశాను. సంవత్సరమంతా అదే చదువు కాబట్టి తప్పకుండా ముందుకొస్తానని నమ్మాను. ర్యాంకు ఇంకా వెనక్కి పోయింది. మొదటిసారి కంటే, కుప్పం అమ్మాయి కంటే కూడా వెనక. ఇంటర్నెట్ షాపు మెట్ల మీద కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. చదివిన మనిషి వెనక్కెలా పోతుందో అర్థం కాక, ఎదురుగా ఆగిన బస్సు బోర్డులోని అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుతూ ఉండిపోయాను.

లెక్చరర్‌కు చెప్పడానికి ఒక్కదాన్నే వెళ్లాను. కుప్పం సంగతి కూడా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఓపెన్‌లో అంత దూరం పోయిందా?"

"పోయింది సార్."

"నాకు తెలీదమ్మా. పాత లెక్కే చెప్పినా." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "నన్ను గానీ ఇంకెవర్ని గానీ అడగొద్దు. వెయ్యి" అన్నాడు. వాకిలి దాకా వచ్చాడు. అంతకు ముందు ఎప్పుడూ అలా రాలేదు.

అప్లికేషన్ వేశాం. కౌన్సెలింగుకు తిరుపతి వెళ్లాం. హాల్లో ముందువాళ్లు సీట్లు తీసుకుంటూ పోయారు. నా పేరు పిలిచే లోపే మా ప్రాంతం సీట్లు అయిపోయాయని మైకులో చెప్పారు. నాయన, "సరే, పోదాం" అని లేచాడు. ఆ రోజు ఇద్దరికీ పెద్దగా ఏమీ అనిపించలేదు. అప్పటికే నిరాశ అలవాటైంది.

వదిలేసిన సీట్లకు రెండో కౌన్సెలింగ్ ఉందని పేపర్లో పడింది. అమ్మ వద్దంది. బీఎస్సీలో చేరమంది. నాయన ఇస్త్రీ చొక్కా తీసుకున్నాడు.

ఈసారి హాల్లో జనం పలచగా ఉన్నారు. నాకంటే ముందున్న ఇద్దరు రాలేదు. ఒకమ్మాయి వచ్చింది గానీ, అంత దూరపు ఊరికి మేం పంపమని వాళ్ల నాన్న తీసుకెళ్లిపోయాడు. తర్వాత నా పేరు పిలిచారు. బల్ల దగ్గర కూర్చున్నాయన సీటు మిగిలిన మెడికల్ కాలేజీ పేరు చదివి, మా వైపు చూశాడు. నేను కదల్లేదు. నాయనా కదల్లేదు.

"కావాల్నా, వద్దా? చెప్పండప్పా, ఎనకాల మనుషులుండారు" అన్నాడు ఆయన.

"కావాల" అన్నాడు నాయన. సంతకం పెట్టేటప్పుడు ఇంటిపేరు దగ్గర గీత పక్కకు పోయింది.

బయటికొచ్చి, బస్టాండుకు నడిచి, బస్సెక్కి కూర్చున్నాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఊరు దాటాక కండక్టర్ వస్తే నాయన, "పుంగనూరు రెండు" అన్నాడు.

"పుంగనూరా? ఇది మద్రాసు బస్సప్పా. బోర్డు సూడల్యా?"

రేణిగుంట దగ్గర దించేశాడు. ఎండలో, రోడ్డు పక్కన, వెనక్కి పోయే బస్సు కోసం నిలబడ్డాం. నాయన మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఆగక, రాయి మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. "మీ యమ్మకు ఎట్ల జెప్పేది పాపా, నమ్మదే" అన్నాడు.

నాకూ ఇంకా నమ్మకం కలగలేదు. సర్టిఫికెట్ల సంచి రెండు చేతులతో ఎదకు పట్టుకుని, అవతల నుంచి వచ్చే బస్సు మీద ఏ ఊరు రాసుందో ఈసారి జాగ్రత్తగా చదివాను.