సాయికిరణ్ అనే మొదటి మొగుడు

2023 ఎండాకాలం. హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో, ఒక బేకరీ పైన మొదటి అంతస్తులో నా ఆఫీసు. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు కంప్యూటర్లు, ఒక స్కానర్, కింది నుంచి వచ్చే ఎగ్ పఫ్‌ల వాసన, వీటి మధ్యలో నేను. విదేశాలకు వెళ్లేవాళ్ల వీసా ఫైళ్లు తయారు చేయడం నా పని. ‘సరోజన మేడం దగ్గర ఫైల్ మంచిగ అయితది, కాకపోతే నాలుగు తిట్లు పడతయ్’ అని ఊళ్లో నాకు పేరు. తిట్లకు విడిగా ఫీజు తీసుకోను కాబట్టి ఎవరూ పెద్దగా బాధపడరు.

నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో స్పౌజ్ పీఆర్ అని ఒక రకం ఉంది. భార్యో భర్తో ఆ దేశంలో స్థిరపడి ఉంటే, రెండోవాళ్లను కూడా శాశ్వత నివాసానికి పిలిపించుకోవడం. ఇందులో ఎక్కువగా చూసేది ఒక్కటే, ఈ పెళ్లి నిజమైనదా, వీసా కోసం చేసుకున్నదా అని. నిజమైనదని చూపించడానికి పెట్టేవన్నీ కలిపి రిలేషన్‌షిప్ ప్రూఫ్ అంటాం. పెళ్లి కార్డు, ఫోటోలు, ఫోన్ కాల్స్, కలిసి తిరిగిన టికెట్లు, అలాంటివి. ఏళ్ల తరబడి కాపురం చేస్తున్నవాళ్లను కూడా ఇవి తెమ్మంటే తెల్లమొహం వేస్తారు. నన్నూ మా ఆయన్నూ అడిగితే మా ఫైల్ మొదటి రోజే తిరిగొస్తుంది.

ఒక మధ్యాహ్నం కుమారస్వామి వచ్చాడు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి పిల్లవాడు. భార్య రజిత కెనడాలో నర్సు. సెలవు పెట్టి వచ్చి పెళ్లి చేసుకుని వెళ్లింది, తర్వాత ఇంకోసారి వచ్చి వెళ్లింది. ఇప్పుడు ఆమెకు ఆరో నెల. అక్కడ ఆమెకు తోడు ఎవరూ లేరు. ఇతను కాన్పు నాటికి అక్కడుండాలని కూర్చున్నాడు. వాడకట్టులో మాత్రం ‘కుమారస్వామి కెనడాకు ఇల్లరికం పోతాండు’ అని ఒకటే నవ్వులు. ఇల్లరికం పోయేవాడికి మర్యాద తక్కువంటారు గానీ, ఇతన్ని అసలు పోనిచ్చేవాళ్లే లేరు పాపం.

ఫైల్ నేను వేసింది కాదు. స్నేహితుడి సాయంతో తనే ఆన్‌లైన్‌లో వేసుకున్నాడు. చాలాకాలం ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఆ రోజు ఒక లెటర్ వచ్చింది. దాన్ని మేం క్వెరీ అంటాం. అధికారికి ఏదైనా అనుమానం వస్తే, ‘దీనికి సంజాయిషీ ఇవ్వండి, లేదంటే ఉన్నదాన్ని బట్టి నిర్ణయిస్తాం’ అని నెల రోజుల గడువుతో పంపుతారు. సంజాయిషీ నచ్చకపోతే ఫైల్ రిజెక్ట్. మళ్లీ వేస్తే మళ్లీ ఏడాది పైమాటే. అప్పటికి పుట్టే బిడ్డ నడుస్తుంటుంది.

లెటర్ చదివి నేను తలెత్తి చూశాను.

“తమ్మీ, సాయికిరణ్ ఎవరు?”

“నేనే అక్కా.”

“మరి కుమారస్వామి ఎవరు?”

“అది గూడ నేనే అక్కా.”

విషయం ఏమిటంటే, అతను ఫైల్‌లో పెట్టిన పెళ్లి కార్డు మీద ‘చి.ల.సౌ. రజితను చి. సాయికిరణ్‌కు ఇచ్చి’ అని ఉంది. ఫోటోల్లో స్టేజీ వెనక థర్మాకోల్ అక్షరాలు కూడా రజిత వెడ్స్ సాయికిరణ్. మ్యారేజ్ సర్టిఫికెట్‌లో, పాస్‌పోర్టులో కుమారస్వామి. తేదీ అదే, ఫంక్షన్ హాలు అదే, మొగుడే వేరు. రజితకు అంతకు ముందు సాయికిరణ్ అనే అతనితో పెళ్లయిందా, అయితే ఆ బంధం ఎప్పుడు, ఎలా ముగిసింది, కాగితాలతో సహా వివరించండి అని ఆ లెటర్.

“అంటే విడాకుల కాగితం అడుగుతాండ్రా అక్కా?” అన్నాడు. “నాకు నేనే విడాకులు ఎట్ల ఇచ్చుకోవాలె?”

మనవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. జాతకాలు లేని ఇళ్లల్లో పేరుబలం మీదే ముహూర్తం చూస్తారు. ఇద్దరి పేర్లూ కుదరకపోతే ఒకరికి కొత్త పేరు పెడతారు. ఆ పేరు పెళ్లిరోజు వరకే. కార్డు మీద ఎక్కుతుంది, స్టేజీ మీద ఎక్కుతుంది, అప్పగింతలయ్యాక దిగిపోతుంది. దీన్ని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో మీరే ఆలోచించండి. ‘ఈయన ఒక్కరోజు మాత్రం సాయికిరణ్’ అని రాస్తే ఎవరు నమ్ముతారు?

ముందు అయ్యగారిని పిలిపించాను. ఆ పెళ్లి చేయించిన పురోహితుడు. ఒక లెటర్ రాసివ్వమన్నాను.

“రాస్తనమ్మా, దాందేముంది. రజిత, కుమారస్వామి, ఈ పేర్ల మీద ఆ నెలల ముహూర్తమే లేదు. సాయికిరణ్ అని పెడితే దివ్యమైనది దొరికింది. మీ ఆఫీసరు పేరు గూడ చెప్పుండ్రి, ఈ ఫైలు ఆయనతోని ఎందుకు కుదుర్తలేదో చూస్తా.”

లెటర్ మాత్రం శుభ్రంగా రాసి సంతకం చేశారు. అమ్మానాన్నలు, బంధువులు అఫిడవిట్లు ఇచ్చారు. అయినా నాకు తృప్తి లేదు. ఈ పనిలో ఒక సంగతి ఉంది. ఇవన్నీ అనుమానం వచ్చాక మనం పుట్టించిన కాగితాలు. పెళ్లినాడు, ఈ అనుమానం ఎవరి మనసులోనూ లేనప్పుడు తయారైన సాక్ష్యం ఒక్కటి ఉంటే దాని బరువు వేరు. అలాంటిది ఏదైనా ఉందేమో వెతుక్కు రమ్మని కుమారస్వామిని పంపాను.

వాడు వెతకలేదు. మూడో రోజు మొహం వెలిగిపోతూ వచ్చాడు.

“అక్కా, ఉపాయం దొరికింది. నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించిన. పేపర్ల ప్రకటనకు ఇచ్చిన. ఇగ గెజిట్‌ల నా పేరు సాయికిరణ్ అని మార్చుకుంటా. కార్డుకు సరిగ్గ సరిపోతది.”

గెజిట్‌లో పేరు మారడమంటే ప్రభుత్వ రికార్డు ప్రకారం మనిషే కొత్తగా పుట్టినట్టు. కార్డు ఒక్కటి కలుస్తుంది. పాస్‌పోర్టు, సర్టిఫికెట్, వేసిన అప్లికేషన్, భార్య ఉద్యోగంలో రాసిన భర్త పేరు, అన్నీ విడిపోతాయి. అప్పుడు అధికారి ‘కుమారస్వామి ఏమయ్యాడు’ అని అడుగుతాడు.

“ఒక్క మొగునికే సంజాయిషీ ఇయ్యలేక చస్తాన్న, ఇద్దర్ని చేస్తవా?” అని లేచాను. ఆ రోజు నా తిట్లు కింద బేకరీ దాకా వినిపించాయట. పేపరు ఆఫీసుకు నేనే ఫోన్ చేసి ప్రకటన ఆపించాను. కుమారస్వామి తలొంచుకుని మెల్లగా అన్నాడు.

“కోప్పడకక్కా. అది ఒక్కతే డ్యూటీకి పోతాంది, ఒక్కతే వండుకుంటాంది. ఏదో ఒకటి చెయ్యకపోతే నాకు చేతులు ఊకుంటలేవు.”

నా కోపం అక్కడికక్కడే చల్లారింది. కిందికి కబురు పెట్టి టీ తెప్పించాను.

మర్నాడు అతని అక్క స్వరూప వచ్చింది. పెళ్లినాడు వాకిట్లో అడ్డం నిలబడ్డ ఆడబిడ్డ. గొంతు కంచుగంట.

“మేడం, ఇంట్లకు వచ్చేటప్పుడు పేర్లు చెప్పిచ్చినం గదా. అది వీడియోల ఉండాలె.”

కొత్త జంట గడప దాటాలంటే ఒకరి పేరు ఒకరు చెప్పాలి, చెప్పేదాకా ఆడబిడ్డలు జరగరు. ఇది నాకెందుకు తట్టలేదో తెలియదు. ఇంట్లో ఉన్న సీడీలో ఆ ముక్క లేదు. పరువు తక్కువని రజిత వాళ్లమ్మ తీయించేసిందట. అసలు రికార్డింగ్ స్టూడియో అతని దగ్గర భద్రంగా ఉంది. తెచ్చి నా కంప్యూటర్‌లో పెట్టుకుని ముగ్గురం చూశాం.

కుమారస్వామి బాసికంతో నిలబడి ‘నేను, నా భార్య రజిత వచ్చినం’ అని గడగడా చెప్పేశాడు. తర్వాత రజిత.

“నేను, మా ఆయన కుమారస్వామి వచ్చినం.”

“ఏ కుమారస్వామి?” అంది స్వరూప, చేతులు ఇంకా బార్లా చాపి. “ఇయ్యాల మా తమ్మునికి ఆ పేరు లేదు. అయ్యగారు పెట్టిన పేరు చెప్తెనే లోపటికి.”

రజిత ఆలోచించింది. పైకి చూసింది. పక్కకు తిరిగి, పెళ్లికొడుకునే అడిగింది.

“మీ పేరేంది?”

“నాకు యాదికి లేదు,” అన్నాడు కుమారస్వామి.

జనం గొల్లుమన్నారు. వెనక నుంచి ఎవరో పెద్దాయన “కార్డు తెండిరా, కార్డు” అని అరిచాడు. కార్డు వచ్చింది. పెళ్లికూతురు దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని, “నేను, మా ఆయన... సాయికిరణ్ వచ్చినం” అని చదివింది. నవ్వు ఆపుకోలేక ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాలిపోతూ గడప దాటారు.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అదే మనిషి, అదే కార్డు, రెండు పేర్లూ ఒకే చోట. నేను కావాలని రాయించుకున్నా ఇంత బాగా కుదరదు. కానీ సంతోషం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. పెళ్లి నిజమైనదేనా అని అడిగే అధికారికి, పెళ్లికొడుకు పేరేమిటో తెలియని పెళ్లికూతుర్ని చూపించాలి.

“ఆ ముక్క కోసేయుండ్రి మేడం,” అంది స్వరూప.

“కోస్తే అతుకు కనబడతది. ఇంకేమేం కోసిండ్రో అనుకుంటరు. పెడితే మొత్తం పెట్టాలె, లేకుంటే లేదు.”

“ఇది పంపుతె ఉన్న ఇజ్జత్ పోతదక్కా,” అన్నాడు కుమారస్వామి. “ఇజ్జత్ పోతే పోనీ, ఫైల్ పోతే ఎట్ల?”

నిజం చెప్పాలంటే నాకూ భయమేసింది. రిజెక్ట్ అయితే ఆ పిల్ల ఒక్కతే కనాలి. నా సొంత ఫైల్ కాదు, నా ఇష్టమొచ్చినట్టు తెగించడానికి. రజితకు ఫోన్ చేశాం. అక్కడ పొద్దున, నైట్ డ్యూటీ దిగి అప్పుడే గదికి వచ్చింది. అంతా చెప్పాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“పెట్టుండ్రి అక్కా. నేను ఆయన పేరు మర్చిపోలే. మొదలే చెప్పిన గదా కుమారస్వామి అని. ఆయనకు లేని పేరు నాకెట్ల యాదికుంటది?”

అంతకంటే మంచి సంజాయిషీ నేను రాయలేను. ఆమె మాటనే ఇంగ్లిష్‌లో పెట్టి, వీడియోకు తర్జుమా జతచేసి, అయ్యగారి లెటర్‌తో సహా పంపేశాను.

ఆ తర్వాత ఎదురుచూపులు. ఆన్‌లైన్‌లో స్టేటస్ చూస్తే ఎప్పుడూ ఇన్ ప్రాసెస్ అనే ఉండేది. కుమారస్వామి రోజూ వచ్చి “ఏమన్న కదిలిందా అక్కా” అనేవాడు. “ముందు నువ్వు కదులు, కస్టమర్లు నిలబడ్డరు” అనేదాన్ని. వెళ్తూ వెళ్తూ కింద ఎగ్ పఫ్ తినేవాడు. రజితకు ఏడో నెల నిండేసరికి ఇక్కడ ఇతనికి కూడా పొట్ట వచ్చింది.

ఎనిమిదో నెలలో ఇంటర్వ్యూ అన్నారు. వీడియో కాల్, తెలుగు తెలిసిన దుబాసీ ఉంటారు. నా ఆఫీసులోనే కూర్చోబెట్టాను. పక్కన ఎవరూ ఉండకూడదు కాబట్టి నేనూ స్వరూపా మెట్ల మీద నిలబడ్డాం. స్వరూప కనబడ్డ దేవుళ్లందరికీ మొక్కుతోంది. చాలాసేపటికి తలుపు తీసుకుని వచ్చాడు, చెమటలు కక్కుతూ.

“కొంప మునిగింది అక్కా. ఆయన ఫస్టే నీ పేరేంది అనడిగిండు. నాకు నోట్లకెల్లి ‘ఏ పేరు సార్’ అని వచ్చింది.”

స్వరూప నెత్తి కొట్టుకుంది.

“తర్వాత?”

“దుబాసీ చెప్తె ఇని నవ్విండు. వీడియో చూసిన అన్నడట. మీ ఆవిడతోని రోజు ఏం మాట్లాడతవ్ అనడిగిండు. పెద్దగ ఏం మాట్లాడం సార్ అన్న. ఆమె పొద్దుగాల డ్యూటీ దిగినంక ఫోన్ చేస్తది. నాకు అప్పుడు సాయంత్రం, మగ్గం మీద ఉంట. ఫోన్ పక్కన పెట్టి నేను నేసుకుంట ఉంట, ఆ సప్పుడు ఇనుకుంట ఆమె పంటది అన్న. గంతే. అదన్న చెప్పకుండ ఉండాల్సుండెనా అక్కా?”

ఈ మాట నా ప్రూఫ్‌ల జాబితాలో లేదు. అంతకు ముందు ఎవర్నీ అడగలేదు కూడా.

తొమ్మిదో నెల మొదట్లో పాస్‌పోర్ట్ రిక్వెస్ట్ వచ్చింది. వీసా ముద్ర వేయడానికి పాస్‌పోర్టు పంపమనడం, అంటే సరేనన్నట్టు. స్వరూప నా ఆఫీసులోనే ఏడ్చింది. వాడకట్టు కుర్రాళ్లు ‘కెనడాకు ఇల్లరికం వెళ్తున్న సాయికిరణ్ అన్నకు శుభాకాంక్షలు’ అని చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టబోతే, నేనే స్వయంగా వెళ్లి దింపించాను. విమానం ఎక్కేదాకా ఆ పేరెత్తితే ఊరుకోనని చెప్పాను.

వీడియో వల్ల అయిందో, మగ్గం చప్పుడు వల్ల అయిందో, అయ్యగారి లెటర్ వల్ల అయిందో ఎవరూ చెప్పరు. సరే అన్నప్పుడు కారణం రాయడం వాళ్లకు అలవాటు లేదు. కానీ నా పనిలో ఒక మార్పు వచ్చింది. జంటలు ఫైల్ కోసం వస్తే, స్టూడియోలో భుజం మీద చెయ్యి వేయించుకుని తీయించుకున్న ఫోటోలు పక్కన పెట్టిస్తాను. మీరిద్దరూ పొరపాటు చేసి నవ్వుకున్నది ఏదైనా ఉంటే ముందు అది తీయండి అంటాను. పరువు తక్కువని సీడీలోంచి తీయించేసినవి మరీ ముఖ్యం.

కుమారస్వామి వెళ్లిన పదిహేను రోజులకు ఫోన్ చేశాడు. ఆడపిల్ల.

“ఈడ దవాఖానల బిడ్డకు, తల్లికి, తండ్రికి ఒక్క తీరు పట్టీలు కడతరక్కా, చేతికి. సిస్టరమ్మ పెన్ను పట్టుకోని తండ్రి పేరు అడిగింది. రజిత నొప్పులల్ల ఉన్నది. నా దిక్కు తిరిగి, నవ్వుకుంట, ‘నీ పేరేంది’ అన్నది.”

“నువ్వేం చెప్పినవ్?”

“కుమారస్వామి అన్న. ఈసారి యాదికున్నదక్కా.”