కుండ మోయాల్సిన భుజం

బొంగులూరు దగ్గర స్కూటీ జారి నా ఎడమ కాలర్‌బోన్ రెండు ముక్కలైంది. హయత్‌నగర్ దవాఖానలో కోసి, ముక్కలు కలిపి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. ఎక్స్‌రేలో ఎముక అతికినట్టు కనిపించేదాకా బరువు ఎత్తవద్దన్నారు. చేతికి స్లింగ్‌తో ఇబ్రహీంపట్నం వచ్చేసరికి బాపు మంచం మీద ఉన్నాడు. ఆయన కాలేయానికి ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు అంతకుముందే ఇంటికి పంపేశారు.

నేను ఒక్కతే బిడ్డను. తన చితి చుట్టూ నీళ్ల కుండ నేనే మోయాలని, నిప్పు నేనే పెట్టాలని బాపు చుట్టాలందరి ముందూ చెప్పాడు. కుండ ఎడమ భుజం మీదే పెట్టుకోవాలి.

స్లింగ్ తీశాక, డాక్టర్ నేర్పినట్టు వేళ్లతో గోడ మీదికి చెయ్యి పాకించేదాన్ని. బాపు పడుకుని చూసేవాడు.

"బల్లి నయం నీకంటె. జర జల్ది కానియ్యి."

"తొందరపెట్టకు బాపు."

"నాదేమున్నది, నేను ఆగుత. గిది ఆగేటట్టు లేదు," అని ఉబ్బిన పొట్ట మీద చెయ్యి వేసుకునేవాడు.

నా వేళ్లు క్యాలెండర్ మేకును అందుకున్న వారంలోనే ఆయన పోయాడు.

శ్మశానంలో కుండ కోసం చెయ్యి చాపాను. బాపు తమ్ముడు అడ్డం వచ్చాడు.

"ఆపరేషనైన దానివి. మా పిల్లగాడు మోస్తడు తియ్యి."

"నయమైంది చిన్నబాపూ. నేనే మోస్త."

"నయమైందా? ఏదీ?"

కుట్ల మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. కింద ప్లేటు ఉంది. నా నోట్లోంచి మూలుగు వచ్చింది.

"సూసిన్రా," అన్నాడు అందరివైపు తిరిగి. ఆడవాళ్లు పాపం అన్నారు.

కుండ ఆయన కొడుకు భుజానికెక్కింది. చిన్నబాపు కుండలో నీళ్లు పోస్తుంటే వాడు, "చాలు బాపు, మెడ గుంజుతది," అన్నాడు. సగం కూడా నిండలేదు. ఆ మాత్రం నీళ్లు నేను మోయగలను. కుండ మోసినవాడే నిప్పు పెట్టాలన్నారు. వాడే పెట్టాడు.

తర్వాతి ఎక్స్‌రే చూసి డాక్టర్ సంతోషించాడు.

"మంచిగ అతికిందమ్మా. ఇగ ఏ బరువైనా ఎత్తుకో. ఇబ్బందనిపిస్తే ఏడాది దాటినంక ప్లేటు తీసేద్దాం."

బ్యాగు పట్టీ తగిలినప్పుడల్లా అక్కడ నొప్పి పుడుతుంది, చిన్నబాపు వేలు పెట్టిన చోటనే.

ప్లేటు ఉండనియ్యండి, అన్నాను.