లూపు పడినా చీటీలు ఆగలేదు

మా దవాఖానలో నెట్‌వర్క్ చూసేది నేనే. ఒక వైరు రెండు కొసలూ కంప్యూటర్లను కలిపే ఒకే స్విచ్ డబ్బాలో పెడితే లూపు పడి, అంటే డేటా అక్కడే గుండ్రంగా తిరిగి, మొత్తం నెట్‌వర్క్ ఆగిపోతుంది. పోయిన నెల అలాగే అయి, రోగులు ఓపీ చీటీల కోసం పొద్దంతా నిలబడ్డారు. ఆ తర్వాతే స్విచ్‌లన్నిటిలో, లూపు పడిన పోర్టును, అంటే వైరు గుచ్చే రంధ్రాన్ని, దానంతటదే మూసేసే స్పానింగ్ ట్రీ రక్షణ పెట్టాను.

ఈ రోజు లూపు పడి ఒక పోర్టు మూసుకుందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. వార్డుకు పరుగెత్తాను.

"కాళ్లకు తట్టుతాందని గా వైరు కొసను డబ్బల ఖాళీ జాగల పెట్టిన మేడం. ఏమన్న ఖరాబైందా?" అని నర్సు మేరీ భయపడింది.

"ఏం కాలే అక్కా, ఫికర్ చెయ్యకు" అని వైరు తీసేశాను.

కిందికి వచ్చి చూస్తే ఓపీ చీటీల లైను కదులుతూనే ఉంది. దేవరకొండ నుంచి వచ్చిన ఒక అవ్వ చీటీ పట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్తోంది. ఎంత గర్వంగా అనిపించిందో!

ఏమీ ఆగని రోజున మమ్మల్నెవరూ మెచ్చుకోరు. అందుకే నేనే చెప్పుకుంటున్నాను, మీరూ ఒక శభాష్ అనండి.