మిరపచేను మీద నా సంతకం

మా బావను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా ఆయనకు స్వయానా అన్న. అరవనాట విళాత్తికుళం నుంచి కోవిల్‌పట్టి పోయే బస్సు మా ఊళ్ళో ఆగేచోట నాకొక ఇడ్లీ అంగడి ఉండేది. దాని ముందు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని, నేను పోసిన టీ తాగుతూ, "సేద్యంలో ఏముండాది, మట్టి తప్ప?" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. ఆ మట్టిలో పండింది తినే ఆ బొజ్జ పెరిగింది. ఆ మాట మొహాన అనలేక, టీలో చక్కెర తగ్గించి కసి తీర్చుకునేదాన్ని.

మాది వానమీద బతికే నల్లరేగడి. బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. దసరా రోజుల్లో వచ్చే పురట్టాసి నెలలో, చినుకు రాలకముందే, పొడి దుమ్ములో మిరప విత్తనం వేసేసి మబ్బుల కోసం కాచుకు కూర్చోవడం మా వైపు పద్ధతి. వాన ఆలస్యమైతే విత్తనం చీమల పాలు. వచ్చిందంటే మాత్రం సంక్రాంతికి వచ్చే తై నెల మొదలు మూడు నెలలపాటు చేలన్నీ ఎర్రగా ఉంటాయి.

కాయ కొయ్యడానికి పక్క ఊరి నుంచి ఇరవైమంది ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళను పోగుచేసి తెచ్చే పెద్దామెకు అరవై దాటాయి. మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. చేతివేగంలో, నోటివేగంలో ఆమెతో పోటీపడే మనిషి లేదు. పొద్దు పొడవకముందే అందరూ నా అంగడి దగ్గర ఇడ్లీలు తిని చేలోకి దిగేవాళ్ళు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ప్రతి మనిషీ ఒడిలో ఒక దోసెడు కాయలు పోసుకుపోవడం మా దగ్గర ఆచారం. చేను ఎవరిదైనా సరే, అది కూలికి పైన వాళ్ళ హక్కు. కాదన్నవాడి చేలో మరుసటి ఏడు ఒక్కరూ కాలు పెట్టరు. ఆ దోసెళ్ళలో సగం నా అంగడికే చేరేవి. కాయలు నా చేటలో పోసి, పిల్లలకు ఇడ్లీ పొట్లం కట్టించుకుని పోయేవాళ్ళు. నా చట్నీకి, కారప్పొడికి ఏడాది పొడుగునా ఆ కాయలే.

ఆ మూడు నెలలూ నా పొయ్యి ఆరేది కాదు. మందు కొట్టే మిషన్లు బాగుచేసేవాడు, గోనెసంచులవాడు, ట్రాక్టరు తోలేవాడు, విరుదునగరం నుంచి కాయ రంగు చూడ్డానికొచ్చే వ్యాపారి, అందరికీ నా బెంచీయే దిక్కు. మిరప అయిపోతే మినుములవాళ్ళు, ప్రత్తివాళ్ళు. కోవిల్‌పట్టిలో కడలమిఠాయి చేసేవాళ్ళకు వేరుశనగ పట్టుకుపోయే మినీలారీ డ్రైవరు కూడా నా దగ్గరే ఆగేవాడు. ఇదంతా నా చేతి రుచికి వచ్చిన పేరని నేను మురిసిపోయేదాన్ని. ఇంత తెలివితక్కువది ఈ తాలూకాలో ఇంకొకతె ఉండదు.

వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేసింది. మూడో ఏడు మా బావ ఒక తెల్లచొక్కా మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఎండతో కరెంటు తీసే కంపెనీకి మా భూములు కౌలుకు కావాలట. ఒకటి రెండేళ్ళకు కాదు, ముప్పయ్యేళ్ళకు. ఊళ్ళో చాలామంది తల ఊపేశారు. చిక్కల్లా నా నాలుగెకరాల దగ్గర వచ్చింది. మా మామ పోయేముందు, చివరిదాకా చూసుకున్నానని, ఆ చేను నా పేరున రాశాడు. మా బావకు నామీద కడుపుమంట అప్పటినుంచే. ఆ చేను సరిగ్గా నడిమధ్యన ఉంది, బండిదారి దానిలోంచే పోతుంది. అది లేకపోతే మిగతా భూములు వద్దని తెల్లచొక్కా తేల్చి చెప్పాడు.

ఈ సంగతి పెద్దామె చెవిన పడింది. ఒక పొద్దున ఒక్కతే నడిచి వచ్చింది. టీ ఇస్తే తాగలేదు.

"సంతకం పెట్టొద్దమ్మా," అంది. "నీది నిలిస్తే చుట్టూ ఉండేవన్నీ నిలుస్తాయి. వాన ఈ ఏడు రాకుంటే వచ్చే ఏడు వస్తాది. చేను పోతే మాకు యాడ ఉండాది వేల?"

వేల అంటే పని. "చూద్దాం అక్కా," అన్నాను. నిజంగానే పెట్టకూడదని అనుకున్నాను. మా బావకు ఒక్కసారైనా అడ్డం తిరిగానన్న సంతోషం కూడా అందులో ఉంది.

ఆ సంతోషం నాలుగు రోజులు కూడా నిలవలేదు. మా బావకు నా బలహీనత తెలుసు. వచ్చి బెంచీ మీద కూర్చుని, డబ్బు ఊసే ఎత్తకుండా, ఇడ్లీల ఊసు ఎత్తాడు. "కంబాలు నాటను, కంచె కట్టను రెండునూర్ల మంది దిగుతారు. ఈడ వాళ్ళకి కూడు ఎవురు పెట్టేది? నువ్వే గదా?" అన్నాడు. అంతే, నా కళ్ళముందు రెండువందల ఆకులు పరుచుకున్నాయి. ఇంకో పెద్ద ఇడ్లీ పాత్ర, ఇంకో గ్రైండరు, వెనక రేకుల షెడ్డు, అన్నీ కనబడ్డాయి. నేను కరువుకు భయపడి సంతకం పెట్టానని మా ఆయన అందరికీ చెబుతాడు. అది అబద్ధం. రెండువందల నోళ్ళకు ఆశపడి పెట్టాను.

రెండువందల మంది వచ్చారు. ఉత్తరాది కుర్రాళ్ళు. వారం రోజులు నా ఇడ్లీలు నమిలి మొహాలు చిట్లించుకున్నారు. ఎనిమిదో రోజు కాంట్రాక్టరు వాళ్ళకొక వంటవాణ్ణి దింపాడు. వాడు రొట్టెలు కాల్చాడు. నాకు టీలు మిగిలాయి. ఆరునెలల్లో పలకలు బిగించి, కంచె కట్టి, వాళ్ళు వెళ్ళిపోయారు. ఇప్పుడు అంత మైదానానికీ కాపలావాళ్ళు ఇద్దరు. ఇద్దరూ ఇంటినుంచి క్యారియరు తెచ్చుకుంటారు.

ఆ తర్వాత నా అంగడి ఎలా చచ్చిందో చెబుతాను. మొదట ట్రాక్టరువాడు రావడం మానేశాడు. మందు మిషన్లు బాగుచేసేవాడు కోవిల్‌పట్టి పోయి మిక్సీలు బాగుచేసుకుంటున్నాడు. సంచులవాడు ఏమైపోయాడో తెలియదు. విరుదునగరం వ్యాపారి బస్సులోంచి కూడా కనబడలేదు. చేటలో కాయలు పోసేవాళ్ళు లేక నేను కొట్లో కారం ప్యాకెట్టు కొన్నాను. తిప్పి చూస్తే గుంటూరు కాయ. ఇన్నేళ్ళు మిరపచేల మధ్య కాపురం చేసి ఎక్కడిదో కారం కొనుక్కున్న ఆ పూట నా ఇడ్లీ నాకే సహించలేదు. కౌలు రావడం లేదని అననుగానీ, నాలుగెకరాల కౌలుతో ఏడాదంతా ఇల్లు గడవదు.

మా బావ మాత్రం మానకుండా వచ్చేవాడు. ఒకరోజు గుటకేసి, "ఏమ్మా, టీ మునుపటి మాదిరి లేదే," అన్నాడు. వాడి చేతిలో గ్లాసు లాక్కుని వాడి కాళ్ళముందే పారబోశాను. పంచె మీద చిందింది. వాడు తొణకలేదు. "నీ చెయ్యి పట్టుకొని నేను గీకించినానా?" అన్నాడు. ఆ మాట నిజం, అందుకే వాణ్ణి చూస్తే ఇంకా మంట.

పెద్దామె బృందమంతా ఏళాయిరంపన్నై వైపు ఒక బాణసంచా ఫ్యాక్టరీకి పోతున్నారు. వాళ్ళను ఎక్కించుకున్న వ్యాను రోజూ తెల్లవారి నా అంగడి ముందునుంచే పోయేది. ఒక్కరోజు కూడా ఆగలేదు. కొన్నాళ్ళు చూసి, ఒకరోజు రోడ్డు మధ్య నిలబడి వ్యాను ఆపించాను. కిటికీ దగ్గర పెద్దామె కూర్చుని ఉంది.

"ఏమక్కా, రెండు నిమిషాలు ఆగి తినిపోతే ఏమి? ఇరవైమందికి వేడివేడిగా ఉండాయి," అన్నాను.

"మా కూడు కంచెలో పెట్టి మూసినావు," అంది ఆమె. "ఇంకా నీ ఇడ్లీ మేం కొనాల్నా? మా చిన్న కోడలు రోజంతా మందు పొడిలో కూర్చుంటాది. రాత్రి దగ్గుతాది. మిరప ఘాటుకి తుమ్మేది, దగ్గేది కాదు. పోనీవయ్యా బండి."

బండి కదిలిపోయింది. కోపం ఎవరిమీద చూపించాలో తెలియక ఆ పూట ఇడ్లీలన్నీ కుక్కలకు వేశాను.

ఇంకో రెండు నెలలు లాగి అంగడి మూసేశాను. ఫ్యాక్టరీలో మనుషులు కావాలని వ్యాను డ్రైవరే చెప్పాడు. మరుసటి సోమవారం నేనూ అదే వ్యాను ఎక్కాను. ఎవరూ జరగలేదు. ఫ్యాక్టరీ దాకా కమ్మీ పట్టుకుని నిలబడే పోయాను. అట్టపెట్టెలు మడిచే పని ఇచ్చారు. మధ్యాహ్నం వేపచెట్టు కింద అందరూ గిన్నెలు విప్పారు. ఇన్నేళ్ళలో నేను కూడు మూటకట్టుకుని ఎక్కడికీ పోయినదాన్ని కాదు, ఆ ఆలోచనే రాలేదు. ఉత్తచేతులతో కూర్చున్నాను.

పెద్దామె రాగిసంకటి నములుతూ కాసేపు నన్ను చూసింది. ఒక ముద్దయినా పెడుతుందేమో అనుకున్నాను. నీళ్ళు తాగి, గిన్నె మూత పెట్టేసింది.

"రేపటినించి కూడు కట్టుకొని రా," అంది. "ఈడ అంగడి లేదు."