తీప్పెట్టి ఆఫీసులో నా ఉద్యోగం

నా చిన్నప్పుడు తమిళనాడులోని కోవిల్‌పట్టి చుట్టుపక్కల అగ్గిపుల్లలు పేర్చడంలో నన్ను మించిన చెయ్యి లేదు. రోజుకు నలభై చట్రాలు నింపేవాణ్ణి. అగ్గిపెట్టెల షెడ్డును అక్కడ తీప్పెట్టి ఆఫీసు అంటారు. ఆ లెక్కన తొమ్మిదో ఏటే ఆఫీసు ఉద్యోగం చేసినవాణ్ణి. వేసవి సెలవుల్లో చేరి, అవి అయిపోయినా బడి ముఖం చూడలేదు. సాయంత్రం చేతిలో పడే చిల్లర రుచి మరిగాను.

నా పక్కన కూర్చునేది పక్కింటి అక్క. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. చట్రంలో గాడికొక పుల్ల పెట్టి, పట్టీలు బిగించి, కొసలన్నీ ఒక్క మట్టంగా ఉన్నాయో లేదో అరచేత్తో నిమిరి చూసుకునేది. హెచ్చుతగ్గులుంటే మందు సరిగా అంటదు, ఆ చట్రానికి కూలి రాదు. అక్క చట్రం ఒక్కటీ వెనక్కి వచ్చి ఎరగదు. అలా నిమిరేటప్పుడు ఆమె ముఖం చూస్తే కూలి సంగతే మరిచిపోయినట్టుండేది.

ఆ ఏడు ఊళ్ళోకి అగ్గిపెట్టెలు చేసే మిషను వచ్చింది. మా సరుకుకు గిరాకీ తగ్గింది. లెక్కలు రాసే కణక్కుపిళ్ళై ఇక చట్రానికి కూలి తగ్గించాలన్నాడు. నా వైపు చెయ్యి చూపి, పిల్లకాయలైతే సగానికే చేస్తారన్నాడు. నాకు ఛాతీ ఉబ్బింది. షెడ్డులోని ఆడవాళ్ళు తల వంచుకుని పుల్లలు పేరుస్తూనే ఉన్నారు.

మర్నాడు నా చట్రాలన్నీ వెనక్కి వచ్చాయి. అన్నీ అంటే నాలుగు. నలభై అని పైన గొప్పకు రాశాను. ఆ నాలుగింటిలోనూ ఒకటి రోజూ అక్కే నింపిపెట్టేది. ఆ తర్వాతి రోజూ అంతే. మూడో రోజు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పేర్చి, నీళ్ళకని లేచి తలుపు చాటు నుంచి చూశాను. అక్క నా చట్రం ఒళ్ళోకి తీసుకుని, పట్టీ వదులు చేసి, నాలుగైదు పుల్లలు వేలితో పైకి నెట్టి, మళ్ళీ బిగించి ఎక్కడిది అక్కడ పెట్టేసింది.

కణక్కుపిళ్ళై నన్ను రావద్దన్నాడు. అక్క మీద చాడీ చెప్పాలనే అనుకున్నాను. దారిలో తనే వేరుశనగల కడలమిఠాయి కొనిచ్చింది, నోరు అంటుకుపోయింది. సోమవారం బడికి వెళ్ళాను.

ఆ చదువుతోనే పోస్టాఫీసులో చేరి, ఇవాళ పింఛను తింటున్నాను. చేతిపని షెడ్లు ఇప్పుడు వెతికితే గానీ కనబడవు. పనిలో తృప్తి అంటే ఏమిటో అక్క అరచేతిని చూసి నేర్చుకున్నాననీ, నా చదువు కోసం ఆ తృప్తిని సైతం ఆమె పక్కన పెట్టిందనీ ఇన్నేళ్ళూ మనసులో దాచుకున్నాను. మొన్న ఎట్టయాపురం దగ్గర అక్క ఇంటికి వెళ్ళి, ఆమె మనవరాళ్ళ ముందు కళ్ళు తుడుచుకుంటూ ఇదే చెప్పాను. అక్క వక్క నములుతూ అంతా విన్నది.

"నీ కోసం ఎవరు చేసిరిరా? నువ్వు సగం కూలికి కుదిరింటే మా అందరి కూలీ సగమయ్యుండును. పని మీద ఆశ ఉండె, లేదనను. ఆశ ఉందని కూలి ఇడిసిపెడతామా? అందుకే తరిమితిమి. నేనొక్కతినే కాదు, నీ చట్రం కెలకనోళ్ళు ఆ షెడ్డులో ఎవరూ లేరు."